నీలం పూత

ట్రాయ్, మిషిగన్
9 మార్చి 1980

మావయ్యకి,

బాగానే ఉన్నాను. ఒళ్ళు మాత్రం మండిపోతోంది. ఎవరికైనా చెప్పకపోతే ఏదో ఒకటి పగలగొట్టేలా ఉన్నాను, అందుకని నీకు రాస్తున్నాను.

నిన్న ఒకడు కొత్త పశ్చిమ జర్మనీ స్కోప్, అదే గురి చూసే దుర్బిణి, మా కొట్టుకి పట్టుకొచ్చాడు. జూమ్ ఉన్నది, ముందు అద్దం సాసరంత ఉంటుంది. "జూమ్ పెంచితే గురి గీతలు కూడా లావెక్కుతున్నాయి, సరుకు పాడు" అన్నాడు. పాడు కాదు, జర్మన్లు గీతల్ని ముందు పెడతారు, బొమ్మ పెరిగితే అవీ పెరుగుతాయి, చీకటి పడేవేళ అడవిపంది మీద సన్న గీత కనిపించదు కాబట్టి వాళ్ళకి లావు గీతే కావాలి, అని చెప్పాను. అంతా విని, "హనీ, లోపల మగవాళ్ళెవరైనా ఉన్నారా?" అన్నాడు. మా రిపేరు మనిషి ఎర్విన్ బయటికొచ్చి నేను చెప్పిందే నాకంటే అధ్వాన్నపు ఇంగ్లీషులో చెప్పాడు. వాడు తల ఊపి, థాంక్యూ సర్ అని వెళ్ళిపోయాడు.

నాన్న మీ అందరికీ నేను సైంటిఫిక్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీలో చేస్తున్నానని చెబుతున్నాడు కదూ. అది తుపాకుల కొట్టు మావయ్యా. కాలేజీ మానేసి కౌంటర్ మీద చేరాను. వెనక గదిలో ఎర్విన్ జర్మన్ స్కోపులు రిపేరు చేస్తాడు. పద్నాలుగో ఏట జర్మనీలోని వెట్స్‌లర్‌లో ఈ పనికి చేరినవాడు. రెండేళ్ళుగా నా లంచ్ టైమంతా ఆయన బల్ల పక్కనే. ఆయన నేర్పలేదు, నేను చూశాను. ఇప్పుడు సగం స్కోపులు నేనే విప్పుతున్నాను, ఎందుకంటే ఆయన చేతులు వణుకుతున్నాయి.

నవంబర్లో జింకల సీజన్ అయిపోగానే ఎర్విన్ మానేస్తాడు. ఆ తర్వాత బల్ల ఎత్తేయాలా, ఇంకెవణ్ణైనా తెచ్చుకోవాలా అని ఓనర్ లెస్టర్ ఆలోచిస్తున్నాడు. నేను ఎదురుగా నిలబడి ఉండగానే ఈ మాట అన్నాడు. నా పేరు వాడి నోట రాలేదు.

ఆ బల్ల నాకు కావాలి. నువ్వు లెన్సులకి పూతలు వేసే ల్యాబ్‌లో ఉంటావు కదా, నాకు పుస్తకాలు పంపు. సలహాలు వద్దు.

జయంతి


షామ్‌బర్గ్, ఇల్లినాయ్
30 మార్చి 1980

జయంతికి మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం మీ అత్త పైకి చదివింది. తుపాకుల కొట్టు దగ్గర ఆగి, "ఈ పిల్లని చేసుకునేవాడు పెళ్ళిచూపులకి చేతులెత్తి రావాలి" అంది. ఆవిడ నవ్వింది. నేను నవ్వలేదు.

అరవై పేజీలు జిరాక్స్ తీసి పంపుతున్నాను. వెలుగు అద్దంలో ఎలా వంగుతుంది, రెండు అద్దాలు కలిపి ఎందుకు అతికిస్తారు, అతుకు ఊడితే ఎలా కనిపిస్తుంది, అన్నీ ఉన్నాయి. పూతల అధ్యాయం ఇందులో లేదు. ల్యాబ్‌లో ఊపిరి సలపడం లేదు, తీరిక చూసుకుని పంపుతాను.

సలహా వద్దన్నావు. ఇది సలహా కాదు, బాధ. నీకున్న బుర్రకి ఆ చోటు తగదు. కాలేజీలో ఇంకో రెండేళ్ళు కూర్చుంటే నాలాగా తెల్లకోటు వేసుకుని పనిచేస్తావు. ఎవడూ నిన్ను హనీ అనడు.

మీ అత్త వసుమతి నీకు ఆవకాయ పంపుతానంటోంది. పోస్టులో సీసా పగిలితే నీ జర్మన్ మాస్టారు అతికిస్తాడా అని అడగమంది.

దక్షిణామూర్తి


ట్రాయ్
17 ఆగస్టు 1980

మావయ్యకి,

పేజీలన్నీ చదివేశాను. కొన్ని అర్థమయ్యాయి, కొన్ని అర్థమయ్యేదాకా చదివాను. ఇప్పుడు విను, మంచి కబురు.

హాలొరన్ అని ఒక పెద్దాయన ఉన్నాడు. పాంటియాక్‌లో బస్సుల మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. 1945లో బవేరియాలో జర్మన్లు లొంగిపోయి కుప్ప పోసిన రైఫిళ్ళలోంచి ఒకటి స్కోప్‌తో సహా తెచ్చుకున్నాడట. స్కోప్ మీద కంపెనీ పేరు ఉండదు, మూడు అక్షరాల కోడ్ ఉంటుంది. ఫ్యాక్టరీ ఎక్కడుందో శత్రువుకి తెలియకూడదని అలా వేసేవాళ్ళని ఎర్విన్ ఇదివరకోసారి చెప్పాడు. పైన ఒక్కటే మర, ఎత్తు సరిచేసేది. పక్కకి జరపాలంటే కింది బిగింపునే జరపాలి. గురి గీతలు కూడా గీతలు కావు, కింది నుంచి పైకి లేచిన ఒక లావు మొన, అటూ ఇటూ రెండు కడ్డీలు. హాలొరన్ ఏటేటా దాంతోనే వేటకి వెళ్తాడు. ఈమధ్య మసక కమ్మిందట. నవంబర్ పదిహేనున సీజన్ మొదలు, పద్నాలుగుకల్లా కావాలన్నాడు.

ఎర్విన్ సెలవులో ఉన్నాడు. లెస్టర్ నా వైపు తిరిగి, "చేయగలవా?" అన్నాడు. రెండేళ్ళలో వాడు నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. చేయగలనన్నాను.

చేశాను మావయ్యా! రాయిలా గట్టిపడిన గ్రీజు గీకాను. సాలీడు దారాల్లాంటి బూజు తీశాను. నాలుగు లెన్సులకి లోపలి వైపు నీలం మరక పట్టి ఉంది, వాననీళ్ళ మీద పెట్రోలు పడ్డట్టు, అక్కడక్కడ మచ్చలతో. దూదికి లొంగలేదు. అద్దాలకి పాలిష్ పెట్టే ఎర్రపొడి తడిపి, గుండ్రంగా, వేలు బరువు కూడా వేయకుండా గంటన్నర రుద్దాను. నాలుగూ ఇప్పుడు కుళాయి నీళ్ళలా ఉన్నాయి. సోమవారం ఎర్విన్ వస్తాడు. ఆయన మొహం చూడాలి నాకు.

జయంతి


షామ్‌బర్గ్
22 ఆగస్టు 1980

జయంతీ,

ఈ ఉత్తరం అందగానే ఆ స్కోప్ పక్కన పెట్టు. ఇంక రుద్దకు, బిగించకు.

నువ్వు తీసింది మరక కాదు. పూత.

అద్దం ప్రతి ముఖమూ తన మీద పడ్డ వెలుగులో నూటికి నాలుగు వంతులు వెనక్కి కొట్టేస్తుంది. ఆ నీలం పొర ఉంటే అది ఇంచుమించు ఒక వంతుకి తగ్గుతుంది. యుద్ధానికి ముందే జర్మన్లు దాన్ని కనిపెట్టి రహస్యంగా ఉంచారు. అప్పటి పూత చాలా మెత్తన, అందుకే చేతికి అందని లోపలి ముఖాలకి వేసేవారు. మచ్చలు బూజు తిన్నచోట్లు. మిగతా నీలమంతా పనికొచ్చేదే.

పగలు తేడా తెలియదు. పొద్దు వాలుతున్నప్పుడు తెలుస్తుంది. వేటగాడికి కావలసింది ఆ వేళే.

మావయ్య


ట్రాయ్
1 సెప్టెంబర్ 1980

మావయ్యకి,

నీ ఉత్తరం రాకముందే తెలిసింది. ఎర్విన్ నాలుగు లెన్సులూ ఒక్కొక్కటే తీసి కిటికీ దగ్గర వంచి చూశాడు. "ఎంతసేపు పట్టింది?" అన్నాడు. గంటన్నర అన్నాను. "చాలా ఓపిక" అన్నాడు. అంతే. తిడితే బాగుండేది. లెస్టర్‌కి చెబుతావా అని అడిగితే, "స్కోప్ నీది, నోరు కూడా నీదే" అన్నాడు.

ఇప్పుడు నీ సంగతి. ఆ అధ్యాయం ఎందుకు పంపలేదు? మార్చిలో అడిగాను, ఇది సెప్టెంబర్! తీరిక లేదా? మీ ల్యాబ్‌లో జిరాక్స్ మిషన్ కూడా తెల్లకోటు వేసుకుంటే తప్ప పనిచేయదా? నాకు ఎవరూ ఏదీ నేర్పరు. ఎర్విన్ నేర్పడు, చూసుకోమంటాడు. నువ్వు కాలేజీకి వెళ్ళమంటావు. పూతలనేవి ఈమధ్య వచ్చాయనుకున్నాను, యుద్ధంనాటి అద్దానికి ఉంటుందని నాకెవడు చెప్పాడు? చెప్పనివాళ్ళందరూ ఒడ్డున కూర్చుని తప్పు మాత్రం చూపిస్తారు.

సరే. తప్పు నాది. రుద్దింది నా చెయ్యి.

ఈ ఉత్తరంతో పాటు చిన్న పెట్టె వస్తుంది. దూదిలో చుట్టిన నాలుగు లెన్సులు. మళ్ళీ పూత వేసి పంపు. నీ ల్యాబ్‌లో నీకు అరగంట పని. నీకూ నాకూ ఎర్విన్‌కీ తప్ప ఎవరికీ తెలియదు. హాలొరన్‌కి తెలిస్తే లెస్టర్‌కి తెలుస్తుంది. లెస్టర్‌కి తెలిస్తే బల్ల పోయినట్టే.

జయంతి


షామ్‌బర్గ్
11 సెప్టెంబర్ 1980

జయంతికి,

నాలుగు కాగితాలు చింపాను. ఇది ఐదోది.

నాకు ల్యాబ్ లేదు. 1978 ఫిబ్రవరిలోనే తీసేశారు. పూతల పద్ధతి మారింది, కొత్త మిషన్లు వచ్చాయి, వాటితోపాటు కొత్తవాళ్ళు వచ్చారు. ఇక్కడి మాల్‌లో ఒక కళ్ళద్దాల కొట్టుంది. వెనక గదిలో కూర్చుని ఫ్రేములకి సరిపడా లెన్సులు అరగదీస్తాను. తెల్లకోటు వేసుకునే మాట మాత్రం నిజం. జేబు మీద కొట్టు పేరు ఉంటుంది.

మీ అత్తకి తప్ప ఎవరికీ చెప్పలేదు. మీ నాన్నకి అసలే చెప్పలేదు. నీకు పంపిన పేజీలు నా సొంత పుస్తకంలోవి. పూతల మీద నేను రాసుకున్న నోట్సు అంతా ల్యాబ్ బీరువాలో ఉండిపోయింది. దాని కోసం మళ్ళీ ఆ గుమ్మం ఎక్కలేక, తీరిక లేదని రాశాను. నేను ఆ సిగ్గు దిగమింగి ఉంటే నువ్వు ఆ ఎర్రపొడి ముట్టుకునేదానివి కాదు. నువ్వు నన్ను తిట్టినదానికి ఇంకా నాలుగు చేర్చుకో.

నీ లెన్సులు నా దీపం కింద పెట్టి చూశాను. ఒక్క గీత లేదు. అంత సమంగా పూత తీసేయడం నా వల్ల కూడా కాదు. ఇది వెటకారం కాదు.

ల్యాబ్‌కి ఇప్పుడు కృష్ణమూర్తి అని ఒకడు పెద్ద. నా కింద పని నేర్చుకున్నవాడే. నన్ను పంపేసిన కాగితం మీద సంతకం వాడిది కాదు, కానీ ఆరోజు తల దించుకుని కూర్చున్నాడు. అప్పట్నుంచీ మాటల్లేవు. ఈ నెల ఇరవై ఏడు శనివారం పొద్దున పదింటికి వెళ్ళి, ఆ మిషన్ ఒక పూట ఇవ్వమని అడుగుతాను.

ఒక్క షరతు. అదే రోజు అదే పదింటికి నువ్వు హాలొరన్‌కి జరిగింది చెప్పాలి. దొంగచాటుగా పూత వేసి పెట్టడానికైతే నేను ఆ మెట్లెక్కను. ఇద్దరం కలిసే ఎక్కుదాం. కుదరదంటే చెప్పు, లెన్సులు వెనక్కి పంపేస్తాను.

మావయ్య


ట్రాయ్
28 సెప్టెంబర్ 1980

మావయ్యకి,

చెప్పాను.

నీ మీద వారం రోజులు మండిపడ్డాను. తర్వాత కొట్టు పేరున్న కోటు గుర్తొచ్చి ఏడ్చాను. తర్వాత మళ్ళీ మండిపడ్డాను. పదింటికి హాలొరన్‌ని కొట్టుకి పిలిచాను.

"మీ స్కోప్ లెన్సుల మీద పూత ఉండేది. మరకనుకుని రుద్ది తీసేశాను" అన్నాను.

"ఎవరు?"

"నేను. ఎర్విన్ కాదు."

"తెలియనప్పుడు ఎందుకు ముట్టుకున్నావు?"

"తెలుసనుకున్నాను."

"లెన్సులు ఏవి?"

"ఇల్లినాయ్‌లో."

చూడాలి మావయ్యా ఆయన మొహం! "నా స్కోప్ ఇల్లినాయ్‌లో ఏం చేస్తోంది!" అని అరిచిన అరుపుకి ముందు గదిలో టోపీలు చూసుకుంటున్న ఇద్దరు బయటికి పోయారు. లెస్టర్ పరుగెత్తుకొచ్చాడు. హాలొరన్ నన్ను పనిలోంచి తీసేయమన్నాడు. నా నోరు కూడా ఊరుకోలేదు. "తీసేస్తే తీసేయండి, లెన్సులకి పూత వేయించగలిగేది మాత్రం నేనే" అన్నాను. అనకూడనిది. అనేశాను.

లెస్టర్ నన్ను పక్కకి లాగి చెప్పాడు. నవంబర్ పద్నాలుగో తారీకు సాయంత్రానికి హాలొరన్ నోట బాగుందని రావాలి. రాకపోతే బల్లే కాదు, కౌంటర్ కూడా ఉండదు.

నువ్వు వెళ్ళావా? వెళ్ళకపోతే మాత్రం నేను షికాగో బస్సెక్కి వచ్చి ఆ మెట్ల మీద కూర్చుంటాను.

జయంతి


షామ్‌బర్గ్
26 అక్టోబర్ 1980

జయంతికి ఆశీస్సులు.

వెళ్ళాను. పది నిమిషాలు కారులోనే కూర్చున్నాను. ట్రాయ్‌లో నువ్వు ఈపాటికి నోరు విప్పి ఉంటావనిపించి తలుపు తీశాను.

కృష్ణమూర్తి నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "మాస్టారూ" అన్నాడు. నేను నేరుగా లెన్సులు బల్ల మీద పెట్టాను, లేకపోతే మాటలు వేరే దారి పట్టేవి. వాడి దగ్గరున్న కుర్రాళ్ళు చూసి, "ఓ, దీనికేముంది" అన్నారు. వాళ్ళు పూత గట్టిపడాలని లెన్స్‌ని బాగా కాల్చి వేస్తారు. "కాలిస్తే ఇందులో రెండు చేతికి నాలుగై వస్తాయి" అన్నాను. అవి అతుకు లెన్సులు జయంతీ. జిగురు కరిగి ఊడిపోతుంది. చల్లగానే వేయాలి. చల్లగా వేస్తే మెత్తన పూతే వస్తుంది, ముందున్నదాని లాంటిదే. ఆ పద్ధతి వాళ్ళలో ఎవరికీ రాదు. నా పాత నోట్సు బీరువాలో అడుగున దొరికింది. ఎవరూ తెరిచినట్టు లేదు.

మొదటి శనివారం మామూలు గాజుముక్క మీద ప్రయత్నించాను. పేలవంగా వచ్చింది. రెండోవారం పొర మందమైపోయి పసుపు తిరిగింది. ఒక కుర్రాడు నవ్వాడు. మూడోవారం వాడే వచ్చి నా పక్కన నిలబడి రాసుకున్నాడు. నిన్న నీ నాలుగు లెన్సులకీ పూత వేశాను. నీలం వచ్చింది.

రిజిస్టర్డ్ పోస్టులో వస్తున్నాయి. అంచులు పట్టుకో. దూది వద్దు, బట్ట వద్దు, రబ్బరు బుడ్డితో గాలి ఊది బిగించు. మీ అత్త ఇంతకాలం తర్వాత నేను ఈల వేస్తున్నానంటోంది, అది పుకారు.

నెలకి రెండు శనివారాలు వస్తారా, పాత పరికరాల లెన్సులు ఎప్పుడూ వస్తుంటాయి, వెనక్కి పంపేస్తున్నాం, అన్నాడు కృష్ణమూర్తి. ఆలోచిస్తానన్నాను. పంపేసినచోటికి పిలిచారని పరుగెత్తడం నాకు చేతకాదు.

దక్షిణామూర్తి


ట్రాయ్
19 నవంబర్ 1980

మావయ్యకి,

వరసగా చెబుతాను.

లెన్సులు వచ్చాయి. కిటికీ దగ్గర వంచి చూశాను. ఆ నీలం చూసి నాకు నోట మాట రాలేదు, ఇది నాన్నకి చెబితే నమ్మడు. మూడు సాయంత్రాలు పట్టి బిగించాను. ఎర్విన్ పక్కన కూర్చుని చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. ఒక్కసారి కూడా తీయలేదు.

శుక్రవారం పద్నాలుగు. కొట్టు వెనక ఖాళీ పొలం, ఆ చివర కంచె. కంచె గుంజకి గోధుమరంగు కాగితం సంచి తగిలించాను. హాలొరన్ సంచిలోంచి రైఫిల్ తీసి, ఖాళీదని మా అందరికీ చూపించి, స్కోప్ ఎక్కించాడు. లెస్టర్ షెల్ఫులోంచి అదే కాలానిది, అసలు పూతే లేని స్కోప్ ఒకటి తెచ్చాడు. పొద్దు కుంకిన తర్వాత ఇక్కడ చట్టం వేటగాడికి అరగంట ఇస్తుంది. ఆ అరగంటా నలుగురం చలిలో నిలబడ్డాం. హాలొరన్ ఒకసారి ఇందులోంచి, ఒకసారి అందులోంచి చూస్తున్నాడు. లెస్టర్ వాచీ పట్టుకున్నాడు.

పూత లేనిదాంట్లో సంచి ఐదూ ముప్పైమూడుకి మాయమైంది. మనదాంట్లో ముప్పైఐదు దాకా ఉంది.

రెండు నిమిషాలు. నవ్వకు. నా ప్రాణం ఆ రెండు నిమిషాల్లో పోయి వచ్చింది.

హాలొరన్ స్కోప్ దించలేదు. "ఎడమ అంచు మసకగా ఉంది" అన్నాడు. లెస్టర్ నా వైపు చూశాడు. నేను ఏదో ఒకటి సర్దిచెప్పి ఉండొచ్చు. "ఉంది. అది నేను చేసింది కాదు. రెండు అద్దాల మధ్య జిగురు పసుపు తిరిగింది. విప్పి కొత్తగా అతికించాలి. రేపు వేట పెట్టుకుని ఈరోజు నేను దాన్ని ముట్టను. తెలియనిది తెలుసనుకుని ఒకసారి ముట్టుకున్నాను, చాలు" అన్నాను.

ఆయన రైఫిల్ సంచిలో పెట్టి జిప్పు లాగాడు. అప్పుడు, "ఏప్రిల్లో ఖాళీగా ఉంటావా?" అన్నాడు.

"ఇక్కడే ఉంటే ఉంటాను" అన్నాను.

"ఈమె ఇక్కడే ఉంటుందా?" అని లెస్టర్‌ని అడిగాడు. "ఏప్రిల్లో తెస్తాను. ఈమెకే ఇస్తాను. ఇంకొకడి చేతిలో పెడితే ఏం పాడుచేశాడో నాకు చెప్పడు."

మావయ్యా, హాలొరన్ బాగుందని మాత్రం ఇప్పటికీ అనలేదు! లెస్టర్ కూడా నాతో ఏమీ అనలేదు. సోమవారం వెళ్ళేసరికి బల్ల మీద స్కోపుల సంచులున్నాయి. ప్రతి చీటీ మీదా ఎర్విన్ పేరు కొట్టేసి జయంతి అని రాసి ఉంది, స్పెల్లింగు తప్పుతో సహా. ఎర్విన్ తన కుర్చీ నాకు సరిపడా ఎత్తు తగ్గిస్తున్నాడు. మర తుప్పుపట్టి కదలడం లేదు, జర్మన్లో తిడుతున్నాడు.

ఆ సంచుల్లో మూడు స్కోపులు విప్పాను. యుద్ధంనాటిది ఒకటి, ఆ తర్వాతివి రెండు. మూడింటిలోనూ పూత బూజు తినేసింది. పదకొండు లెన్సులు. ఓనర్లందరికీ ఫోన్ చేసి, లెన్సులు ఇల్లినాయ్ వెళ్తాయని ముందే చెప్పాను. ఒకడు అరిచాడు, మిగతా ఇద్దరూ సరే అన్నారు, తర్వాత అరిచినవాడు కూడా సరే అన్నాడు.

పరుగెత్తడం నీకు చేతకాదన్నావు, పరుగెత్తకు. నడు. పెట్టె ఈ పొద్దునే పోస్టు చేశాను. మీ ఇంటికి కాదు, ల్యాబ్‌కి. పైన కృష్ణమూర్తి పేరు రాయలేదు, డాక్టర్ దక్షిణామూర్తి గారికి అని పెద్ద అక్షరాలతో రాశాను. శనివారానికి చేరుతుంది. సంతకం పెట్టి తీసుకోవాల్సింది నువ్వే.

జయంతి